ప్లస్ త్రీలో (ఒడిశాలో డిగ్రీ) చేరే దివ్యాంగ విద్యార్థి ఏ కాగితం, ఎప్పుడు, ఎవరికి ఇవ్వాలి: ఒడిశా సరిహద్దు తెలుగువారికి మార్గదర్శి

కాలేజీలో దివ్యాంగ విద్యార్థికి ఏమేం దక్కాలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చెప్పేసింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అది అమల్లో ఉంది. 21 రకాల వైకల్యాలను గుర్తిస్తుంది. ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీల్లో కనీసం 5 శాతం సీట్లు, వయోపరిమితిలో ఐదేళ్ల సడలింపు దాని 32వ సెక్షన్‌లోనే ఉన్నాయి. అయినా గజపతి, గంజాం, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో మన పిల్లలకు ఇవి చేజారుతుంటాయి. పేరులో ఒక అక్షరం తేడా రావడం, తోడు రాసే మనిషికి ఒడియా రాకపోవడం, అడగాల్సిన వారం దాటిపోయాక అడగడం: చిక్కంతా ఎక్కువగా ఈ మూడింటి దగ్గరే.

ముందుగా ఒక మాట. ఒడియా ఫారాల్లో ‘భిన్నక్షమ’ అని కనిపిస్తే అది దివ్యాంగుల గడి. దాన్ని చూసుకోకుండా దాటేసి, సీటు జనరల్‌లో వచ్చాక నెత్తి కొట్టుకునేవాళ్లు ఏటా ఉంటారు.

పేరు సంగతి తేల్చుకోండి

ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ సరిహద్దులో చాలా దరఖాస్తులు ఇక్కడే ఆగుతాయి. మనకు ఇంటిపేరు ముందు, పొడి అక్షరంగా వస్తుంది. ఒడిశా మెట్రిక్ (పదో తరగతి) సర్టిఫికెట్‌లో ఇంటిపేరు చివర, పూర్తిగా ఉంటుంది. పైగా లక్ష్మి అన్న పేరును ఒడిశా బడిలో ఇంగ్లీషు ఎక్స్‌తో రాస్తారు, ఆంధ్ర ఆసుపత్రిలో కె, ఎస్, హెచ్‌లతో రాస్తారు. ఒడియాలో ‘వ’ పలికే చోట ‘బ’ వస్తుంది కనుక వెంకట కాస్తా బెంకట అవుతుంది. మనిషి ఒక్కరే, కంప్యూటరుకు మాత్రం ముగ్గురు.

మెట్రిక్ సర్టిఫికెట్‌లో ఉన్న పేరునే ఆధారంగా పెట్టుకోండి, ఎందుకంటే మార్చడం అన్నిటికన్నా కష్టమైనది అదే. ఆధార్‌ను దానికి తగ్గట్టు సరిచేయించండి. ఆ తర్వాతే వైకల్య సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టండి, బ్యాంకు ఖాతా చివర సరిచేయించండి. ఈ వరుస తప్పితే చేసిన పనే మళ్లీ చేయాలి. తండ్రి పేరు, పుట్టిన తేదీ కూడా ఒకసారి పక్కపక్కన పెట్టి చూసుకోండి.

యూడీఐడీ: ఎక్కడ దరఖాస్తు పెట్టాలి

ఇప్పుడు వైకల్య సర్టిఫికెట్, యూడీఐడీ (దివ్యాంగుల ప్రత్యేక గుర్తింపు) కార్డు రెండూ కేంద్ర ప్రభుత్వ స్వావలంబన్ పోర్టల్ ద్వారానే వస్తాయి. ఫోనులోనే నింపవచ్చు, లేదా ఊళ్లోని జనసేవా కేంద్రంలో నింపించుకోవచ్చు. ఆధార్, నివాస రుజువు, ఫొటో, ఇంతకుముందు వైద్యం చేయించుకున్న కాగితాలు కావాలి.

సరిహద్దువారికి బాగా పనికొచ్చే నిబంధన ఒకటుంది. నివాసమున్న జిల్లాలోని వైద్యాధికారికి దరఖాస్తు పెట్టుకోవచ్చు, లేదా ఆ వైకల్యానికి వైద్యం చేసిన ప్రభుత్వ ఆసుపత్రికి పెట్టుకోవచ్చు. పర్లాకిమిడివాళ్లు చాలామంది వైద్యానికి విశాఖ కేజీహెచ్‌కు వెళ్తారు, గంజాంవాళ్లు బరంపురంలోని ఎంకేసీజీకి వెళ్తారు. ఎక్కడ కేసు షీటు ఉంటే అక్కడ పరీక్ష తొందరగా తేలుతుంది. ఒక రాష్ట్రంలో ఇచ్చిన సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుందని 58వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. ‘ఇది ఆంధ్ర సర్టిఫికెట్, ఇక్కడ పనికిరాదు’ అని కౌంటరు దగ్గర ఎవరైనా అంటే ఆ సెక్షన్ నెంబరు చెప్పండి. అయితే ఒకటి: సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది, పింఛను చెల్లదు. పింఛను, రాష్ట్ర స్కాలర్‌షిప్ ఏ రాష్ట్రంలో నివాసముంటే ఆ రాష్ట్రానివే.

శ్రీకాకుళం వైపు చదివినప్పుడు తీసుకున్న పాత సదరం సర్టిఫికెట్ ఉంటే పారేయకండి. దాన్ని జతచేసి యూడీఐడీకి పెట్టుకోండి.

మెడికల్ బోర్డుకు వెళ్లే రోజు ఈ జాగ్రత్తలు తీసుకోండి:

1. వినికిడి అయితే ఆడియోగ్రాం, చూపు అయితే దూరం చూపుతో పాటు పక్కచూపు పరీక్ష, సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్తజబ్బు) అయితే హెచ్‌పీఎల్‌సీ లేదా ఎలక్ట్రోఫోరెసిస్ రక్తపరీక్ష రిపోర్టు తీసుకెళ్లండి. ఇవి లేకపోతే మరో రోజు రమ్మంటారు. జిల్లా ఆసుపత్రిలో ఆ మిషను లేకపోతే పెద్దాసుపత్రికి పంపుతారు. ఆ రిఫరల్ చీటీ కాపీ దాచుకోండి.
2. కళ్లద్దాలు, వినికిడి మిషను, క్యాలిపర్ (కాలికి కట్టుకునే ఆసరా) ఏది వాడుతున్నా వెంట ఉండాలి.
3. సర్టిఫికెట్ చేతికిచ్చినప్పుడు మూడు చోట్ల చూడండి: వైకల్య శాతం, ‘శాశ్వతం’ అనా ‘తాత్కాలికం’ అనా, తాత్కాలికమైతే ఏ తేదీ వరకు. మూడేళ్ల కోర్సు మధ్యలో గడువు ముగిసిపోతే స్కాలర్‌షిప్ ఆ ఏడాది ఆగుతుంది.

యూడీఐడీ కార్డు రంగు శాతాన్ని బట్టి ఉంటుంది: 40 లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80 ఆపైన నీలం. రిజర్వేషనుకు, స్కాలర్‌షిప్‌కు 40 శాతం గీత దాటాలి. శాతం తక్కువ వేశారనిపిస్తే 59వ సెక్షన్ కింద అప్పీలు ఉంది. అప్పీలు పెడితే ఉన్నది కూడా పోతుందని భయపెట్టేవాళ్లు కనిపిస్తారు, కొత్త రిపోర్టు చేతిలో ఉంటే వాళ్ల మాట పట్టించుకోవద్దు.

సర్టిఫికెట్ రావడానికి మూడు నెలలైనా పట్టవచ్చు. అందుకే ప్లస్ టూ పరీక్షలు అయిన వారంలోనే దరఖాస్తు పడాలి.

ఈ జిల్లాల్లో సికిల్ సెల్ ఎక్కువ. అది కూడా 21 వైకల్యాల్లో ఒకటని చాలా ఇళ్లలో తెలియదు, బయటికి ఏమీ కనబడదు కదా. జబ్బు ఉన్నవారికే ఇది వర్తిస్తుంది, జన్యువు మోస్తూ ఆరోగ్యంగా ఉన్న ‘ట్రెయిట్’ వారికి కాదు. తలసీమియా, హిమోఫీలియా, డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం కూడా ఆ జాబితాలో ఉన్నాయి.

ఏం కావాలో రాసుకోవడం

కాలేజీకి మీ జబ్బు పేరు అంతగా అక్కర్లేదు. మీరు ఏ పని చేయలేరో, దానికి బదులు ఏం కావాలో తెలియాలి. ‘దయచేసి నాకు సహకరించగలరు’ అన్న దరఖాస్తుకు సంతకం పడుతుంది గానీ పని జరగదు. ఒక కాగితం మీద మూడు నిలువు వరుసలు గీసి మొదటిదాంట్లో పని, రెండోదాంట్లో అడ్డంకి, మూడోదాంట్లో కావాల్సింది రాయండి.

ఉదాహరణకు: బోర్డు చదవడం, మూడు మీటర్లు దాటితే అక్షరం కనబడదు, మొదటి బెంచీ, బోర్డు మీద రాసినదాన్ని ఫొటో తీసుకునే అనుమతి. రెండో అంతస్తు ల్యాబ్, మెట్లెక్కలేను, మా బ్యాచ్ ప్రాక్టికల్ కింది గదిలో. సికిల్ సెల్ నొప్పి. నెలలో రెండు మూడు రోజులు రాలేకపోవచ్చు. హాజరు మినహాయింపు, క్లాసులో నీళ్ల సీసా, ఎన్‌ఎస్‌ఎస్ ఎండ పనుల నుంచి విడుపు. మూర్ఛ, నిద్ర చెడితే వస్తుంది, ఒకే రోజు రెండు పేపర్లు లేకుండా చూడటం, పక్కన కూర్చునేవారికి ఏం చేయాలో తెలిసి ఉండటం.

ఇలా రాసినదాన్ని కాలేజీ ఆఫీసు భాషలో, అంటే ఇంగ్లీషులోనో ఒడియాలోనో, ఒక పేజీకి మించకుండా ప్రిన్సిపాల్‌కు ఇవ్వండి. కాలేజీలో సమాన అవకాశాల విభాగం గానీ దివ్యాంగుల నోడల్ అధికారి గానీ ఉంటే ఒక కాపీ వారికి. రెండో ప్రతి మీద ఆఫీసు ముద్ర, తేదీ, అందుకున్నవారి సంతకం లేకుండా కౌంటరు వదలొద్దు. మిగతా కాగితాలన్నీ పోయినా పర్లేదు, ముద్ర పడిన ఈ ప్రతి మాత్రం పోకూడదు.

ర్యాంపు గురించి ఒక లెక్క. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు, అంటే 1:12 వాలు ఉండాలి. 15 సెంటీమీటర్ల మెట్లు మూడుంటే ఎత్తు 45 సెంటీమీటర్లు, ర్యాంపు 5.4 మీటర్లు. చాలా కాలేజీల్లో ర్యాంపు అని చూపించేది రెండు మీటర్ల జారుడుబల్ల. దాని మీద చక్రాల కుర్చీ ఎక్కదు, దిగితే బోల్తా. వెడల్పు 1.2 మీటర్లు, తలుపు 90 సెంటీమీటర్లు, మరుగుదొడ్డిలో కుర్చీ తిరగడానికి 1.5 మీటర్ల చోటు ఉండాలి. కట్టించమని అడగండి, తప్పులేదు. కానీ అది పూర్తయ్యేలోపు డిగ్రీ అయిపోవచ్చు. ముందు మీ క్లాసును కింది అంతస్తుకు మార్చమనండి. దానికి సిమెంటు అక్కర్లేదు, టైంటేబుల్ మీద ఒక సంతకం చాలు. మరుగుదొడ్డి సంగతి చేరిన మొదటి రోజే చూసుకోవాలి. వాడుకునేలా లేకపోతే ఆడపిల్లలు నీళ్లు తాగడం మానేస్తారు, సికిల్ సెల్ ఉన్న అమ్మాయికి అది నేరుగా నొప్పి తెచ్చిపెడుతుంది.

భాష దగ్గర వచ్చే చిక్కు

ఇది మన ప్రాంతానికి ప్రత్యేకం. వినికిడి తక్కువున్న పిల్లలు ఇంట్లో తెలుగు పెదవుల కదలిక చూసి అర్థం చేసుకుంటారు. లెక్చరరు ఒడియాలో చెబితే ఆ నేర్పు పనికిరాదు. వినబడనిది భాషా, మాటా అని టీచరుకు తెలియక ‘శ్రద్ధ లేదు’ అనుకుంటారు. కాబట్టి దరఖాస్తులోనే రాయండి: క్లాసు నోట్సు రాతలో ముందుగా కావాలి, బోర్డు వైపు తిరిగి మాట్లాడవద్దు, చెప్పిన నోటీసు రాసి కూడా ఇవ్వాలి. పరీక్ష తేదీ మారిందని నోటిమాటగా చెప్పడం వల్ల పేపరు పోగొట్టుకునేది ఎక్కువగా వీళ్లే.

చూపు లేనివారికి ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ (తెరమీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) ఉచితం. అందులోని ఈస్పీక్ గొంతు తెలుగు కూడా చదువుతుంది. గొంతు కరుకుగా ఉంటుంది, పది రోజుల్లో చెవి అలవాటు పడుతుంది. ఇక్కడ రెండు చోట్ల దెబ్బ తగులుతుంది. ఒకటి, జిరాక్సు నోట్సును ఫొటోతీసి పీడీఎఫ్ చేస్తారు. అది బొమ్మ, అందులో అక్షరాలు ఉండవు, కాబట్టి చదవదు. ముందు ఓసీఆర్ చేయాలి, అంటే బొమ్మలోని రాతను అక్షరాలుగా మార్చాలి. రెండు, ఒడియా నోట్సు చాలావరకు ఆకృతి లాంటి పాత ఫాంటుల్లో టైపు అవుతుంది. తెరమీద ఒడియాలా కనిపించినా లోపల ఉన్నది పిచ్చి ఇంగ్లీషు అక్షరాలే. స్క్రీన్ రీడర్ వాటినే గడగడా చదువుతుంది. టీచరును యూనికోడ్ ఫైలు అడగండి. పాఠ్యపుస్తకాల కోసం సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీలో సభ్యత్వం తీసుకోండి. దివ్యాంగుల కోసం పుస్తకాన్ని చదువుకోదగ్గ రూపంలోకి మార్చడం కాపీరైటు ఉల్లంఘన కాదని 2012 సవరణలోనే ఉంది. లైబ్రరీ ‘స్కాన్ చేయడం నేరం’ అంటే అది పొరపాటు.

పరీక్ష: స్క్రైబ్, అదనపు సమయం

స్క్రైబ్, అంటే మీరు చెబుతుంటే పరీక్ష రాసిపెట్టే మనిషి, ఎవరికి? చూపు లేనివారికి, రెండు చేతులూ పనిచేయనివారికి, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు అదుపులో లేకపోవడం) ఉన్నవారికి అడిగితే ఇవ్వాలి. మిగతావారు ‘రాయడంలో శారీరక ఇబ్బంది ఉంది’ అని ప్రభుత్వ ఆసుపత్రి పెద్ద డాక్టరు ఇచ్చే ధ్రువపత్రం జోడించాలి. చీఫ్ మెడికల్ ఆఫీసరు, సివిల్ సర్జన్, సూపరింటెండెంటు స్థాయి సంతకం కావాలి. ఊళ్లో పీహెచ్‌సీ డాక్టరు రాసిచ్చినది చాలదు. ఇక్కడే చాలామంది ఒక ప్రయాణం వృథా చేసుకుంటారు.

40 శాతం లోపువారికి స్క్రైబ్ లేదని ఇప్పటికీ చెప్పే ఆఫీసులున్నాయి. వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరి 11న దాన్ని కొట్టేసింది. రాయలేనితనం ఉంటే చాలు, శాతం గీత అడ్డు కాకూడదని తీర్పు. దాన్ని అనుసరించి కేంద్రం 2022 ఆగస్టు 10న 40 శాతం లోపువారికి విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. తేదీలతో సహా దరఖాస్తులో రాయండి.

అదనపు సమయం గంటకు 20 నిమిషాలకు తగ్గకూడదు. మూడు గంటల పేపరుకు గంట, రెండు గంటలకు 40 నిమిషాలు, గంటన్నరకు అరగంట. స్క్రైబ్‌ను పెట్టుకోకుండా సొంతంగా రాసుకునే అర్హులకూ ఇది ఉంది. ఇంటర్నల్ పరీక్షలకు కూడా అడగండి, అక్కడ ఎవరూ గుర్తు చేయరు. చిక్కు ఎక్కడంటే: ఉదయం పేపరు గంట పొడిగిస్తే మధ్యాహ్నం పేపరుకు భోజనం చేసే తీరిక కూడా మిగలదు. ఒకే రోజు రెండు పేపర్లుంటే ముందే రాతపూర్వకంగా చెప్పాలి.

పని వరుస ఇది:

1. ఫారం ఫిలప్ (పరీక్ష ఫారం నింపే) రోజున: దివ్యాంగ గడి, స్క్రైబ్ గడి, అదనపు సమయం గడి మూడూ నింపండి. గడి లేకపోతే జతగా కాగితం పెట్టండి. స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీ అయితే పరీక్షల కంట్రోలరు అక్కడే ఉంటారు. విశ్వవిద్యాలయానికి అనుబంధమైతే ప్రిన్సిపాల్ ద్వారా యూనివర్సిటీ కంట్రోలరుకు వెళ్లాలి, దానికి రోజులు పడతాయి.
2. ఆ వారంలోనే: స్క్రైబ్ పేరు, మార్కుల జాబితా, గుర్తింపు కార్డు, రెండు ఫొటోలు, మీ హామీపత్రం. సొంత స్క్రైబ్ చదువు మీకన్నా ఒక మెట్టు తక్కువ ఉండాలన్నది కేంద్రం ఇచ్చిన 2018 మార్గదర్శకాల మాట. పోటీ పరీక్షలకు ఈ నియమాలు మారుతుంటాయి, ఆ నోటిఫికేషన్‌లో ఉన్నదే పాటించాలి.
3. హాల్ టికెట్ వచ్చిన రోజున: దాని మీద స్క్రైబ్, అదనపు సమయం అని ముద్ర ఉందో లేదో చూడండి. లేకపోతే ఆరోజే సరిచేయించండి.
4. రెండు రోజుల ముందు: కాలేజీ ఇచ్చే స్క్రైబ్ అయితే కలిసి మాట్లాడుకునే హక్కుంది, వాడుకోండి.

మనకు స్క్రైబ్ దొరకడమే పెద్ద పని. తెలుగులో చెబుతుంటే ఒడియాలోనో ఇంగ్లీషులోనో రాయగలవాళ్లు కావాలి. ఇచ్ఛాపురం నుంచి చిన్నాన్న కొడుకును తీసుకొస్తారు, వాడికి ఒడియా లిపి రాదు, పేపరేమో ఒడియాలో. ఒడియా మీడియం ప్లస్ టూ చదువుతున్న, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లల్ని చూసుకోండి. ఇద్దరిని సిద్ధం చేయండి, ఒకరికి జ్వరమొస్తే రెండోవారు. భాషా పేపరుకు వేరే స్క్రైబ్‌ను పెట్టుకోవచ్చు, ఒక్కో సబ్జెక్టుకు ఒకరికి మించకూడదు అంతే. వాళ్ల ప్లస్ టూ పరీక్షల తేదీలు మీవాటితో ఢీకొంటున్నాయేమో కూడా అడగండి.

కనీసం మూడు పాత పేపర్లు ఇద్దరూ కూర్చుని గడియారం పెట్టుకుని రాయాలి. ప్రశ్న నెంబరు ముందు చెప్పడం, పేరా మారేచోట ‘కొత్త లైను’ అనడం, సాంకేతిక పదాన్ని అక్షరాలు విడగొట్టి చెప్పడం, బొమ్మను ‘పైన వృత్తం, కింద రెండు గీతలు’ అని వర్ణించడం: ఇవన్నీ సాధన వల్లే వస్తాయి. మొదటిసారి పేపరులో సగం కూడా కాదు. మూడోసారికి ఐదింట నాలుగు వంతులు అయితే దారిలో పడ్డట్టే.

పరీక్ష రోజున మామూలు గంట కొట్టగానే పేపరు లాక్కోబోతారు. ఇన్విజిలేటరు కొత్తవారు కావచ్చు, మాట తిన్నగా చెప్పండి: ‘సార్, నాకు గంట ఎక్కువుంది, ఆర్డరు ఇదిగో.’ ఆర్డరు కాపీ జేబులో ఉండాలి, ఇంట్లో ఫైల్లో కాదు. వేరే గది ఇవ్వమని కూడా అడగండి. పక్కనే మీరు నోటితో చెబుతుంటే మిగతావాళ్లు ఊరుకోరు, మీకూ ధ్యాస నిలవదు.

డబ్బు

జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దివ్యాంగులకు పోస్ట్ మెట్రిక్ పథకం ఉంది. తల్లిదండ్రుల ఏడాది ఆదాయం రెండున్నర లక్షలు దాటకూడదు. ఆదాయ ధ్రువపత్రం తహసీల్దారు దగ్గర తీసుకోవాలి. ఒడిశా నివాసి ఆంధ్రాలో చదివినా నివాస రాష్ట్రం గడిలో ఒడిశానే పెట్టాలి. ఈ ఒక్క గడి తప్పుపెట్టడం వల్ల దరఖాస్తు వేరే రాష్ట్రం ఆఫీసులో పడి తిరిగొస్తుంది. కాలేజీ నోడల్ అధికారి పోర్టల్‌లో ‘వెరిఫై’ నొక్కకపోతే దరఖాస్తు కదలదు, ఆఖరి తేదీకి వారం ముందు వెళ్లి నొక్కించండి. ఒడిశా ప్రభుత్వానిది బాణీశ్రీ పేరుతో వేరే ఉంది, రాష్ట్ర స్కాలర్‌షిప్ పోర్టల్‌లో చూడాలి. ఒకేసారి రెండు తీసుకోవడం కుదరదు కాబట్టి ఏది ఎక్కువిస్తుందో లెక్కేసుకుని ఒకటి పెట్టండి.

డబ్బు పడలేదంటే ముందు ఆధార్‌కు చివరిగా ఏ ఖాతా ముడిపడిందో చూడండి. పలాసలో పనికి వెళ్లినప్పుడు తెరిచిన ఖాతాలో పడి ఉండొచ్చు.

క్యాలిపర్, వినికిడి మిషను, మూడు చక్రాల బండి లాంటివాటికి జిల్లా సామాజిక భద్రతాధికారి, అంటే కలెక్టరేట్‌లోని డీఎస్‌ఎస్‌ఓ ఆఫీసులో అడగాలి. ఇలాంటి పరికరాలిచ్చే కేంద్ర ప్రభుత్వ ఏడిఐపీ పథకం శిబిరాలు, దివ్యాంగుల కోసం ఒడిశా ప్రభుత్వం పెట్టే భీమభోయి శిబిరాల తేదీలు కూడా అక్కడే తెలుస్తాయి. ఒడిశా ప్రభుత్వమిచ్చే మధుబాబు పింఛను కూడా ఆ శాఖదే.

కాదంటే

‘చూద్దాం’ అన్నది జవాబు కాదు. దరఖాస్తు ఇచ్చి పది రోజులైతే అదే విషయం మీద ముద్ర పడిన పాత ప్రతి జోడించి మళ్లీ రాయండి. ప్రభుత్వ కాలేజీలో 23వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుల అధికారి ఉండాలి, ఫిర్యాదును రిజిస్టరులో ఎక్కించాలి, రెండు వారాల్లో విచారించాలి. అక్కడ తేలకపోతే జిల్లా స్థాయి కమిటీ. దానిపైన భువనేశ్వర్‌లోని రాష్ట్ర దివ్యాంగుల కమిషనరు. లాయరు అక్కర్లేదు. కోరాపుట్‌లోని కేంద్రీయ విశ్వవిద్యాలయం, బరంపురం ఐసర్ లాంటి కేంద్ర సంస్థల మీదైతే ఢిల్లీలోని చీఫ్ కమిషనరుకు రాయాలి. ఆంధ్రాలో చదువుతుంటే కమిషనరు కూడా ఆంధ్రా వారే, ఇంటి చిరునామా ఒడిశాలో ఉన్నా సరే.

ఫిర్యాదులో తిట్లు వద్దు, తేదీలు కావాలి: ఫలానా రోజు అడిగాను, ఫలానా సెక్షన్ కింద అడిగాను, ఫలానా వారు ఇలా జవాబిచ్చారు, పరీక్ష ఫలానా రోజు. పరీక్ష పది రోజుల్లోపే ఉంటే మొదటి వాక్యంలోనే ఆ తేదీ రాసి, కింద గీత గీయండి. స్పీడ్ పోస్టులో పంపి, రసీదు వెనక విషయం ఏమిటో పెన్నుతో రాసుకుని, ముద్ర పడిన దరఖాస్తు ప్రతికి గుచ్చిపెట్టండి.